ఆల్ప్రాజోలం తగ్గిస్తుంటే జ్వరం లేకుండానే ఒళ్ళునొప్పులు, నీరసం. ఎవరికైనా ఇట్లా అయిందా?

లెక్కల టీచర్, హనుమకొండ:

నమస్తే అందరికీ. హనుమకొండ దగ్గర జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కలు చెప్తాను. వయసు 46. 2021లో కరోనా రెండో వేవ్‌లో మా అమ్మ పోయింది. ఆ తర్వాత రాత్రుళ్ళు నిద్ర లేదు, గుండె దడ. ఫిజీషియన్ రాత్రికి ఒక ఆల్ప్రాజోలం 0.5 రాశారు. దడ తగ్గింది, నిద్ర పట్టింది, గోలీ మాత్రం అప్పటి నుంచి నడుస్తూనే ఉంది. ఈమధ్య బోర్డు మీద లెక్క చేస్తూ చేస్తూ మధ్యలో ఆగిపోతున్నా, పిల్లల పేర్లు నోటికి రావడం లేదు. ఆ మాట చెప్తే వేరే డాక్టర్ ఒకరు ఇది ఇక మానేయాలన్నారు. రెండు వారాలు సగం గోలీ, తర్వాత రెండు వారాలు ఆ సగమే రోజు విడిచి రోజు, ఆపైన బంద్. చీటీ మీద అట్లనే రాసిచ్చారు.

సగానికి వచ్చినప్పుడు నిద్ర చెడింది గానీ ఓర్చుకున్నా. రోజు విడిచి రోజు మొదలుపెట్టాక వచ్చింది అసలు బాధ. పెద్ద జ్వరం వచ్చే ముందు ఒళ్ళు ఎట్లా ఉంటుందో అట్లా ఉంది, అయితే జ్వరం రాదు. పిక్కలు, తొడలు లాగుతాయి. మెడ నుంచి భుజాల దాకా బిగుసుకుపోతుంది. పొద్దున లేచేసరికి దవడలు నొప్పి. చలిచలిగా ఉంటుంది, దుప్పటి కప్పుకుంటే చెమటలు. థర్మామీటర్ పెడితే 98.4. దగ్గు లేదు, ముక్కు కారదు. బట్టలు దండెం మీద ఆరేసేలోపు రెండుసార్లు కూర్చోవాల్సి వస్తుంది. బోర్డు మీద రాయాలంటే చెయ్యి పైకి లేవదు, మూడో పీరియడ్‌కే కుర్చీ వెతుక్కుంటున్నా.

వానాకాలం కదా, డెంగీ అనుకున్నాం. సీబీపీ, డెంగీ, చికున్‌గున్యా, వైడల్ అన్నీ చేయించాం, ఏమీ లేదు. థైరాయిడ్ బాగుంది. విటమిన్ డి కొంచెం తక్కువ. మా వీధి ఆర్ఎంపీ సెలైన్ పెట్టి ఏదో సూది వేశాడు, సాయంత్రం దాకా బాగుంది, తెల్లారేసరికి మళ్ళీ అంతే. అత్తమ్మ దిష్టి తీసింది. మా ఆయన మంచి మనిషే గానీ "అర మిల్లీగ్రాము గోలీ మానితే ఇంతనా" అంటున్నారు. ఆ మాటకే ఎక్కువ ఏడుపొస్తుంది.

ఒకటి గమనించా. గోలీ వేసుకోని రాత్రి గడిచాక మర్నాడంతా నొప్పులు దారుణం. వేసుకున్న మర్నాడు కాస్త మనిషిలా తిరుగుతా. ఇది గోలీ మానడం వల్లేనా? ఇట్లాంటి ఒళ్ళుతో ఉద్యోగం ఎట్లా చేసుకోవాలి? స్టాఫ్‌రూమ్‌లో ఒక మేడమ్ ట్రమడాల్ కలిసిన నొప్పి గోలీ బాగా పనిచేస్తుందని ఇచ్చింది. ఇంకా వేసుకోలేదు.

గోదారి గట్టు, రాజమండ్రి:

అమ్మా, ముందు ఆ ట్రమడాల్ పక్కన పెట్టేయండి. కారణం ఇక్కడ మందుల షాపు వారెవరైనా నాకంటే బాగా చెబుతారు.

మీరు గమనించానన్న మాటలోనే మీ ప్రశ్నకు జవాబు ఉందని నాకనిపిస్తోంది. వైరల్ జ్వరానికి మీరు ఏ రాత్రి మాత్ర వేసుకున్నారో తెలియదు కదా. ఆల్ప్రాజోలం ఒంట్లో ఎక్కువసేపు ఉండదు, సుమారు పదకొండు గంటల్లో సగం వెళ్ళిపోతుంది. రోజు మార్చి రోజు వేసుకుంటే రెండో రోజుకి దాదాపు ఖాళీ. అంటే మీ నరాలకు రోజు మార్చి రోజు మందు పెట్టడం, లాగేయడం, మళ్ళీ పెట్టడం. కాగితం మీద డోసు తగ్గుతున్నట్టే కనిపిస్తుంది, ఒంటికి మాత్రం మళ్ళీ మళ్ళీ మానిపించినట్టు ఉంటుంది. ఈ మాట రాజమండ్రిలో నన్ను చూసిన సైకియాట్రిస్టు కాగితం మీద గీత గీసి చూపించారు. ఆ గీత చూశాక నాకు సగం భయం పోయింది.

నేను బ్యాంకులో చేసి రిటైరైనవాణ్ణి. ఇదే మందు చాలా ఏళ్ళు వాడాను. తగ్గించేటప్పుడు నాకూ ఇవే నొప్పులు. స్నానం చేస్తూ మగ్గు ఎత్తితే ముంజేయి సలిపేది. మెడ పట్టేసి స్కూటర్ మీద వెనక్కి తిరిగి చూడలేకపోయేవాణ్ణి. అరికాళ్ళు మంటలు. రాత్రి కాళ్ళు ఎక్కడ పెట్టుకోవాలో తెలిసేది కాదు.

ఇది ఎందుకొస్తుందో తెలిస్తే ఓర్చుకోవడం సులువు. మెదడులో గాబా అనే రసాయనం ఉంటుంది, నరాలను శాంతపరచడం దాని పని. ఈ మందు ఆ గాబా బలాన్ని పెంచుతుంది. అందుకే నిద్ర వస్తుంది, అందుకే కండరాలు కూడా వదులవుతాయి. ఏళ్ళ తరబడి బయటి నుంచి సాయం వస్తుంటే ఒళ్ళు తన సొంత పని తగ్గించుకుంటుంది. సాయం గబుక్కున ఆగితే కండరాలు రాత్రీ పగలూ బిగదీసుకునే ఉంటాయి. నిద్రలో పళ్ళు బిగబట్టడం వల్లే పొద్దున్నే దవడ నొప్పి. మీరు మంచం మీద పడుకున్నా మీ కండరాలు పని చేస్తూనే ఉన్నాయి, అలిసిపోక ఏం చేస్తాయి? చెమటలు, చలి కూడా ఆ నరాల కంగారులో భాగమే.

మీ ఆయనకు ఒక్క లెక్క చెప్పండి, మీరు లెక్కల టీచరే కదా. ఇంగ్లండ్‌లోని న్యూకాసిల్‌లో ప్రొఫెసర్ హెదర్ ఆష్టన్ అనే డాక్టరమ్మ 1982 నుంచి 1994 దాకా ఈ రకం మందులు మానేవాళ్ళ కోసమే ఒక క్లినిక్ నడిపారు. ఆవిడ లెక్కలో అర మిల్లీగ్రాము ఆల్ప్రాజోలం అంటే, అదే రకానికి చెందిన, ఒంట్లో ఎక్కువసేపు ఉండే డైజిపామ్ సుమారు పది మిల్లీగ్రాములతో సమానం. పది మిల్లీగ్రాముల డైజిపామ్ రోజూ నాలుగేళ్ళు వేసుకుని నెలలో మానేయమంటే ఎవరైనా చిన్న విషయం అంటారా? ఆవిడ క్లినిక్‌లో తగ్గించడం నెలల లెక్కన జరిగేది.

నన్ను చూసిన డాక్టరు మొదట చేసింది తగ్గించడం ఆపేయడమే. రోజూ ఒకే వేళకి ఒకే డోసు మీద నిలబెట్టారు. ఒళ్ళు కుదుటపడ్డాక మెల్లగా డైజిపామ్‌కి మార్చి, అక్కడి నుంచి చిన్న చిన్న మెట్లు. ఏడాది దాటింది. మీకూ అదే దారి అని నేననను, మార్చడమూ తగ్గించడమూ డాక్టరు చేతిలో ఉండాల్సినవి. కానీ ఈ వారంలోనే సైకియాట్రిస్టుని కలవండి. ఆ రోజు విడిచి రోజు పద్ధతి తర్వాత "బంద్" అనే గీత దాకా వెళ్ళకండి.

ఇక రోజు గడపడం గురించి. నాకు పనికొచ్చింది చెప్తాను. పొద్దున్నే వేడినీళ్ళ స్నానం, మెడ మీద తువ్వాలు వేడి నీళ్ళలో పిండి వేసుకోవడం. ఆ తర్వాత గట్టు మీద కొద్దిపాటి నడక. ఒంట్లో బాగున్న రోజు ఉత్సాహంతో రెండింతలు నడిస్తే తర్వాత రెండు రోజులు మంచమే, కాబట్టి బాగున్న రోజూ అంతే, బాగాలేని రోజూ గేటు దాకా అయినా సరే. పూర్తిగా పడుకుంటే బిగుతు ఎక్కువయ్యేది. కాఫీ పొద్దున ఒక్కటే. భోజనం వేళ తప్పితే వణుకు, దడ పెరిగేవి, అందుకే జేబులో రెండు ఖర్జూరాలో, వేరుశనగ ఉండో పెట్టుకునేవాణ్ణి. మీరు హెడ్మాస్టరు గారితో చెప్పి బోర్డు పని ఎక్కువ ఉండే తరగతులు పొద్దున పీరియడ్లలో పెట్టించుకోండి. బోర్డు మీద పిల్లల చేత చేయించండి, వాళ్ళకూ మంచిదే.

నాకు ఒకే తీరున తగ్గలేదు. వారం బాగుండి, మళ్ళీ నాలుగు రోజులు మొదటికొచ్చినట్టు ఉండేది. ఆ నాలుగు రోజులూ ఇక జీవితమంతా ఇంతే అనిపించేది. కాదమ్మా. బాగున్న రోజులు పెరుగుతూ వచ్చాయి. ఇప్పుడు మనవరాల్ని భుజం మీద ఎక్కించుకుని పుష్కరఘాట్‌కి తీసుకెళ్తున్నాను.

మందుల షాపు, తెనాలి:

రాజమండ్రి బాబాయ్ గారు అప్పగించారు కాబట్టి ట్రమడాల్ సంగతి. అది ఫిట్స్ వచ్చే అవకాశాన్ని పెంచే మందు. ఆల్ప్రాజోలం లాంటిది గబుక్కున తగ్గినా అదే ప్రమాదం ఉంది. రెండూ ఒకే వారంలో కలవకూడదు మేడమ్. పైగా దానికదే అలవాటు పడే మందు. ఒళ్ళు నొప్పులకి మామూలు పారాసెటమాల్, అదీ చీటీ మీద చెప్పిన మోతాదు దాటకుండా. ఎంత పనిచేస్తుందంటే కొంత పనిచేస్తుంది, అంతే. ఈ నొప్పికి అసలు మందు తగ్గించే వేగం సరిచేయడమే.

ఇంకో రెండు జాగ్రత్తలు. విరేచనాలకో, మూత్రంలో మంటకో ఎవరైనా సిప్రోఫ్లాక్సాసిన్, ఓఫ్లాక్సాసిన్, నార్ఫ్లాక్సాసిన్ రాస్తే "నేను ఆల్ప్రాజోలం తగ్గిస్తున్నాను" అని చెప్పి వేరేది అడగండి. ఆ రకం యాంటీబయాటిక్స్ గాబా పనికి అడ్డం వస్తాయి, కొందరికి ఈ బాధ ఒక్కసారిగా ఎక్కువవుతుంది. అలాగే నరాల నొప్పి అని ప్రీగాబాలిన్ రాస్తే అదీ మధ్యలో టక్కున ఆపేది కాదని గుర్తుంచుకోండి.

వేగం గురించి బాబాయ్ గారు చెప్పింది నిజం. 2025లో అమెరికాలో పది వైద్య సంఘాలు కలిసి మార్గదర్శకాలు ఇచ్చాయి. రెండు నుంచి నాలుగు వారాలకు ఒకసారి 5 నుంచి 10 శాతం తగ్గించడంతో మొదలుపెట్టమని, రెండు వారాల్లో 25 శాతం దాటవద్దని వాటిలో ఉంది. మీకు మొదటి మెట్టే 50 శాతం.

మా షాపులో చూస్తుంటాను, ఈ మాత్రలు ఎంతమంది ఇళ్ళల్లో ఉన్నాయో మీరు నమ్మరు. 2014 మార్చి నుంచి ఇవి హెచ్1 షెడ్యూల్‌లో ఉన్నాయి, చీటీ లేకుండా ఇవ్వకూడదు, పేషెంటు పేరు, డాక్టరు పేరు రిజిస్టర్‌లో రాసుకోవాలి. అందుకే ఊరెళ్ళినప్పుడు చీటీ ఒరిజినల్ దగ్గర పెట్టుకోండి. చీటీ మర్చిపోయి, ఎక్కడా దొరక్క, అనుకోకుండా నాలుగు రోజులు ఆగిపోయి ఆసుపత్రి పాలైనవాళ్ళు ఉన్నారు.

కోడలుపిల్ల, విశాఖ:

మధ్యలో అడుగుతున్నందుకు ఏమీ అనుకోకండి. మా అత్తయ్యగారికి ఎస్సిటాలోప్రామ్, క్లోనాజెపామ్ రెండూ కలిసిన మాత్ర రాశారు. ఆవిడ "బానే ఉన్నానుగా" అని వారం నుంచి వేసుకోవడం లేదు. ఇవే లక్షణాలు, దాంతోపాటు తల తిప్పితే కరెంటు కొట్టినట్టు ఉంటోందట. ఇదీ అదేనా?

మందుల షాపు, తెనాలి:

మీ అత్తయ్యగారివి రెండు మందులు ఒకేసారి ఆగిపోయాయమ్మా. ఎస్సిటాలోప్రామ్ డిప్రెషన్‌కి, ఆందోళనకి ఇచ్చేది. అది టక్కున ఆపినా ఫ్లూ వచ్చినట్టు ఒళ్ళు నొప్పులు, కళ్ళు తిరగడం వస్తాయి, ఆ కరెంటు షాకులు ఎక్కువగా దాని తాలూకువే. క్లోనాజెపామ్ మెల్లగా దిగే మందు కాబట్టి దాని బాధ కొన్ని రోజులు ఆలస్యంగా మొదలవుతుంది. ఈరోజే రాసిన డాక్టరుకి ఫోన్ చేయండి, రేపటిదాకా ఆగొద్దు. కలిసిన మాత్రని సగం చేస్తే రెండూ సగమవుతాయి, అందుకే తగ్గించాల్సి వచ్చినప్పుడు రెండూ విడివిడి మాత్రలుగా రాయమని అడగండి. మీ అందరికీ ఒక మాట, స్ట్రిప్ వెనక్కి తిప్పి ప్లస్ గుర్తు ఉందేమో చూసుకోండి. గ్యాస్ మాత్ర, బీపీ మాత్ర అనుకునే కొన్నింటిలో కూడా ఈ రకం మత్తుమందు కలిసి ఉంటుంది.

ఇందూరు బిడ్డ, నిజామాబాద్:

టీచరక్కా, నీ పోస్టు చదివినంక మా బాపు యాదికొచ్చిండు. నాకు ఈ గోలీల సంగతి మా బాపు కల్లుతోని తెలిసింది.

మా దిక్కు మత్తు కల్లు అంటే తెల్వనోళ్ళు లేరు. చెట్ల కల్లు సరిపోక నీళ్ళల్ల ఆల్ప్రాజోలం, డైజిపామ్, క్లోరల్ హైడ్రేట్ కలిపి అమ్ముతరు. తాగేటోళ్ళకు కల్లు తాగుతున్నమనే తెలుసు, గోలీలు మింగుతున్నమని తెల్వదు. 2015ల దాడులు జరిగి ఆ మందు కలపుడు ఒక్కసారే బందైంది. మా బాపుకు మొదలు జరమొచ్చినట్లు ఒళ్ళంత నొప్పులు, చెమటలు, చేతులు వణుకుడు. జరం గోలీ ఏసి పండవెట్టినం. తెల్లారి ఎవలో వచ్చిండ్రని గోడతోని మాట్లాడవట్టె. ఆ రాత్రి ఫిట్స్ వచ్చినయి. సర్కారు దవాఖానకు తీస్కపోతే అక్కడ మా బాపు లెక్కటోళ్ళు వార్డు నిండ ఉన్నరు. మంచాలకు చేతులు కట్టేసిన్రు కొందరికి. డాక్టర్లు అదే రకం మందు ఇచ్చి మెల్లగ తగ్గించుకుంట వచ్చిన్రు. మా బాపు బతికిండు, ఇప్పటికి బాగున్నడు. కొన్ని ఇండ్లల్ల మనుషులు పోయిన్రు.

నిన్ను భయపెట్టనీకి చెప్తలేనక్కా. నీది తక్కువ డోసు, నువ్వు చూస్కుంటనే ఉన్నవు. గని చేతులు బాగ వణికినా, లేనివి కనవడ్డా, ఇనవడ్డా, మనిషి అయోమయమైనా, ఫిట్స్ వచ్చినా పొద్దు చూడకుండ 108కి ఫోన్ చెయ్యమని ఇంట్ల ముందుగాల్నే చెప్పిపెట్టు. మీ ఆయనకు ఈ పోస్టు చదివి ఇనిపియ్యి. ఇంకొకటి, దసరా వస్తున్నది. సుట్టాలింట్ల కల్లు పోస్తరు, జరంత అంటరు. ఆ జరంతల ఏముందో పోసినోళ్ళకు గూడ తెల్వది. నొప్పులు పోతయి, నిద్ర వస్తది, మల్ల తెల్లారి మొదటికొస్తది. ముట్టకు.

లెక్కల టీచర్, హనుమకొండ:

అందరికీ ఎంత రుణపడ్డానో చెప్పలేను. ఇందూరు చెల్లే, నీ మాటలు మా ఆయనకు చదివి వినిపించా. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. వాళ్ళ చిన్నాయన కూడా అట్లనే పోయాడట, అప్పుడు జ్వరంతో పోయాడనే అనుకున్నారట. మర్నాడు తానే సెలవు పెట్టి సైకియాట్రిస్టు దగ్గరికి తీసుకెళ్ళారు.

డాక్టరమ్మ రోజు విడిచి రోజు ఆపించింది. రోజూ రాత్రి ఒకే టైముకు 0.25, కొన్ని వారాలు దీని మీదే నిలబడాలి, తర్వాత చూద్దాం అంది. సీపీకే అనే కండరాల పరీక్ష కూడా చేయించింది, నార్మల్ వచ్చింది. ప్రతి నొప్పినీ ఈ గోలీ మీదికి నెట్టొద్దు, నిజంగా జ్వరం వచ్చినా, కీళ్ళు వాచినా, ఒక పక్క బలం తగ్గినా వెంటనే రమ్మంది. విటమిన్ డి రాసింది. నాకు మధ్యలో భయమేస్తే రాత్రి ఎవరికి చెప్పాలి అంటే టెలి మానస్ నంబర్ 14416 ఇచ్చింది, తెలుగులో మాట్లాడతారు, డబ్బులు కట్టక్కర్లేదు. ఒక రాత్రి చేశా. అవతల అమ్మాయి నన్ను తొందరపెట్టకుండా మొత్తం విన్నది.

నొప్పులు పోలేదు. కానీ రోజు విడిచి రోజు వచ్చే ఆ ఉధృతం పోయింది. దవడ నొప్పి తగ్గింది. చలి ఇంకా ఉంది. బోర్డు పని పిల్లలకు అప్పగించా. తొమ్మిదో తరగతిలో వెనక బెంచీ పిల్లవాడు ఒకడు పోటీపడి వచ్చి కారణాంకాలు చేస్తున్నాడు. ఇంట్లో బట్టలు పిండడం మా ఆయన తీసుకున్నారు.

ఒక సందేహం. డాక్టరమ్మ తర్వాతి మెట్టు 0.25 గోలీలో నాలుగో వంతు తీసేయడం కావచ్చంది. అంత చిన్న గోలీని నేను చాకుతో కోస్తే పొడి అవుతుంది. ఎట్లా కోయాలి? దసరా సెలవులకు సిద్దిపేట పోవాలి, అక్కడ దొరుకుతుందా?

మందుల షాపు, తెనాలి:

చాకు వద్దు మేడమ్. మాత్రలు కోసే చిన్న డబ్బా మందుల షాపుల్లో దొరుకుతుంది, మూతలో బ్లేడు ఉంటుంది. దానితో సగం బాగా వస్తుంది, నాలుగో వంతు మాత్రం ఎప్పుడూ కచ్చితంగా రాదు. ఒక ముక్క పెద్దది, ఒకటి చిన్నది అయితే పెద్దది ఒక రాత్రి, చిన్నది ఒక రాత్రి పడి మళ్ళీ మీకు ఎగుడుదిగుడు వస్తుంది. ఆ మెట్టు వచ్చినప్పుడు ఈ ఇబ్బంది డాక్టరమ్మకు చెప్పండి. డైజిపామ్ 2 మిల్లీగ్రాముల మాత్రలు ఉన్నాయి, అక్కడి నుంచి చిన్న మెట్లు వేయడం తేలిక అని ఆవిడే మార్చవచ్చు. మీ స్ట్రిప్ మీద ఎస్ఆర్ (మందును మెల్లమెల్లగా వదిలే మాత్ర) అని ఉంటే మాత్రం అసలు కోయకూడదు, ముందు అది చూడండి. ఒకే కంపెనీ మాత్ర వాడుతుంటే అదే కొనసాగించండి.

సిద్దిపేటలో దొరకదని కాదు, పండగ రోజుల్లో షాపులు మూసి ఉంటాయి, కొత్త షాపువాళ్ళు చీటీ తేదీ చూస్తారు. వెళ్ళే ముందే ప్రయాణానికి సరిపడా, ఇంకో నాలుగు రోజులకు ఎక్కువ వచ్చేలా రాయించుకుని హనుమకొండలోనే తీసుకోండి. మాత్రలు, చీటీ చేతి సంచిలో పెట్టుకోండి, బస్సు పైన వేసే పెట్టెలో వద్దు.